దిబ్బ మీద మూడు సమాధులు

మా తోడికోడలు ఖద్రా నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. దేర్ షుమైల్ ఊరికి నేను కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన రోజున ఒంటె దిగుతూ కాలు మడతపడి పడబోతే, ఆవిడ నన్ను గంప ఎత్తినట్టు ఎత్తి వాకిట్లో దించింది. "మేకపిల్ల బరువు కూడా లేదు. మా మరిది దీన్ని పెళ్ళి చేసుకున్నాడా, సంతలో బేరమాడి తెచ్చుకున్నాడా?" అని అందరూ వినేట్టు అంది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం పొయ్యిలోంచి తీసిన వేడి రొట్టె, చిన్న గిన్నెలో ఆలివ్ నూనె నా ముందు పెట్టి, "తినవే. ఈ ఇంట్లో సిగ్గుపడ్డవాళ్ళకి ఏమీ మిగలదు" అంది. ఆ తర్వాత ఊరు విడిచేదాకా మేమిద్దరం ఒకే వాకిట్లో, ఒకే పొయ్యి దగ్గర బతికాం.

ఆవిడ పొడుగు మనిషి. భుజాలు మగవాడికి మల్లే వెడల్పు, నోరు అంతకంటే పెద్దది. భర్త ముసల్లం, అంటే మా బావగారు, నెమ్మది మనిషి. ఒక మాట నాలిక మీదికి రావడానికే ఆయనకు చాలాసేపు పట్టేది. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు దాహిర్, అందుకే ఊరంతా ఆవిడను ఉమ్ దాహిర్, అంటే దాహిర్ తల్లి, అనే పిలిచేది. వాడి తర్వాత ఆడపిల్ల హిల్వా. ఆఖరివాడు చంటివాడు జాబిర్.

నేను వచ్చిన మరుసటి చలికాలం ఊళ్ళోకి తట్టు వచ్చింది. ముందు హిల్వా పోయింది. దాహిర్ కోలుకున్నాడనే అనుకున్నాం. పెరుగు అడిగి తాగాడు కూడా. మధ్యాహ్నానికి ఊపిరి అందక పోయాడు. జాబిర్ చివరిదాకా తల్లి రొమ్ము పట్టుకునే ఉన్నాడు. వాడు చల్లబడ్డాక కూడా ఆవిడ వదల్లేదు. మా అత్తగారు వచ్చి విడిపించింది. ఆవిడకు పాలు చాలా రోజులు వస్తూనే ఉన్నాయి. గోడ వైపు తిరిగి నేల మీద పిండి పారబోసేది. ఆ సమయంలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు.

మా ఊరి వెనక పెద్ద దిబ్బ ఉండేది. చదునైన నెత్తి, ఏటవాలు పక్కలు. కింద ఉన్నదంతా దున్నే నేల కాబట్టి చనిపోయిన వాళ్ళందరినీ దాని మీదే పెట్టేవాళ్ళం. గొయ్యి తీసినప్పుడల్లా కుండ పెంకులు, బూడిద, ఒక్కోసారి తుప్పు పట్టిన బాణపు ములికి బయటపడేవి. వాటిని పారతో పక్కకు నెట్టేసి మా పని మేం చేసుకునేవాళ్ళం. పిల్లలు ముగ్గురినీ తూర్పు అంచున పక్కపక్కనే పెట్టారు. ఆడవాళ్ళు ఆ రోజు పైకి రాకూడదని మగవాళ్ళు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. వెళ్ళి, తన చేత్తో రాళ్ళు పేర్చి వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళు వానల్లేవు. బార్లీ జానెడు ఎత్తు లేచి ఎండిపోయింది. గొర్రెలను అమ్ముకున్నాం, కొన్నిటిని కోసుకున్నాం, మిగిలినవి వాటంతట అవే పోయాయి. అలాంటి రోజుల్లో దొరలు వచ్చారు, దిబ్బను తవ్వుతాం, ఊరందరికీ పని ఇస్తాం అని.

వాళ్ళలో పెద్ద దొర సన్నగా, ఎండకు కమిలిన మెడతో ఉండేవాడు. మా భాష నేర్చుకున్నాడు గానీ పుస్తకంలోంచి నేర్చుకున్నాడు. "ఓ సోదరీ, నీటి పాత్ర ఎక్కడ?" అని అడిగితే ఖురాన్ చదువుతున్నాడేమో అనిపించేది. మంచివాడే. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా చూస్తే చెడ్డవాడనుకుంటారు.

సమాధుల సంగతి తేల్చడానికి ఊరిపెద్ద అబూ షాహీన్ ఇంట్లో మగవాళ్ళందరూ కూర్చున్నారు. మేం ఆడవాళ్ళం గోడ బయట నిలబడి విన్నాం.

"నాగజెముడు కంచె పక్కన మంచి జాగా చూశాం" అన్నాడు అబూ షాహీన్. "సమాధులు కదపొచ్చని ఖలీల్ పట్నం నుంచి ఫత్వా తెచ్చాం. ఖురాన్ చదివే ఆయన వస్తాడు. ఎవరి వాళ్ళని వాళ్ళే మర్యాదగా దించుకుంటారు. ఖర్చంతా దొరది."

నా పక్కనున్న ఖద్రా ఎప్పుడు కదిలిందో చూడలేదు. చూసేసరికి గడప దాటి లోపల ఉంది.

"ఎందుకు దించాలి?" అంది.

"ఉమ్ దాహిర్! మగవాళ్ళ మధ్యకి ఇదేం రావడం?"

"మీరు మాట్లాడేది నా పిల్లల గురించి పెద్దాయనా. నేను రాక మరెవరు వస్తారు?"

దొర లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఈ దిబ్బలో యూదా రాజుల కోట ఉంది. తౌరాతులో, అంటే మా బైబిలులో, చెప్పిన పట్నం. అష్షూరు రాజు వచ్చి కాల్చాడు. మళ్ళీ కడితే బబులోను రాజు వచ్చి కాల్చాడు. ఆ గోడలు ఇక్కడే ఉన్నాయి."

"ఉండనీ. ఇన్నాళ్ళూ ఉన్నాయి కదా. నా పిల్లలు పడుకుంటే వాటికేం బరువు?"

కొందరు నవ్వారు. అబూ షాహీన్‌కి కోపం వచ్చింది. "అందరూ ఒప్పుకున్నారు. నీ మామ సమాధి కూడా ఉంది అక్కడ. నీ మొగుడు ఒప్పుకున్నాడు."

ఆవిడ ముసల్లం వైపు చూసింది. ఆయన చాప అంచు వైపు చూస్తున్నాడు.

"ఖలీల్‌లో ఇబ్రహీం ప్రవక్త పడుకుని ఉన్నాడు, పక్కన ఆయన భార్య సారా ఉంది" అంది ఖద్రా. "వాళ్ళ కింద ఏముందో చూస్తాం, కాస్త పక్కకి జరపండి అని ఎవరైనా అడిగితే ఊరుకుంటారా?"

"నీ పిల్లల్ని ప్రవక్తతో పోలుస్తున్నావా?"

"ఆయన్నీ ఒక తల్లే కన్నది."

 ముసల్లం తల ఎత్తకుండానే, "ఇంటికి పోవే" అన్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి దొరే తగ్గాడు. మిగతా సమాధులన్నీ దించాక, ఈ మూడింటిని మాత్రం అలాగే ఉంచి చుట్టూ తవ్వుతానన్నాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో మగవాళ్ళు ముసల్లాన్ని చూసి, "మీ ఇంట్లో తలపాగా ఎవరిదయ్యా?" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు ఆయన లోపల ఏం చేస్తోందో మాకెవరికీ తెలియలేదు.

సమాధులు దించే రోజులు వచ్చాయి. మా మామగారి ఎముకలను ముసల్లం, నా భర్త తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు.  కొత్త జాగాలో గోతులు ఒక వరసలో ఉన్నాయి. దిబ్బ మీద మూడు సమాధులు మాత్రం మిగిలాయి.

పని మొదలైన వారమే ఖద్రా కూడా తట్ట పట్టుకుని వచ్చింది. "కాపలా కాయడానికి కూలి కూడా ఇస్తుంటే మానేస్తానా?" అంది. మగవాళ్ళు పలుగుతో తవ్వేవాళ్ళు, మేం మట్టి తట్టలకెత్తుకుని పట్టాల మీద నడిచే ఇనపబండి దాకా మోసేవాళ్ళం. మేస్త్రీ ఈజిప్టు వాడు, పేరు బద్రాన్. వాళ్ళ తాతల కాలం నుంచి తవ్వకాల్లోనే బతికిన కుటుంబం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉండేవాడు.

"మేస్త్రీ, మీ వాళ్ళు పిరమిడ్లు కట్టేటప్పుడు కూడా ఇలాగే అరిచేవాళ్ళా?" అనేది ఖద్రా.

"అరవబట్టే తల్లీ అవి ఇంకా నిలబడ్డాయి. నడు, నడు!"

పిల్లలు పోయాక ఆవిడ అలా నవ్వుతూ మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

పైన మట్టి పోయాక కాలిన ఇటుకలు వచ్చాయి. పొయ్యిలోంచి తీసినట్టు ఎర్రగా ఉన్నాయి. వాటి కింద బూడిద, పొంగిన నల్లటి ధాన్యం, గోడలకు తగిలి వంగిన బాణపు ములుకులు, వడిసెల రాళ్ళు. కూలిన గోడ కింద ఒక మనిషి చేతులు తల మీద పెట్టుకుని బోర్లా పడి ఉన్నాడు. ఆదివారం నాడు దొర తన వాళ్ళను అక్కడ కూర్చోబెట్టి బైబిలు చదివాడు. జెరూసలేం నుంచి కార్లలో జనం వచ్చేవాళ్ళు. నల్లకోట్ల పాద్రీలు వచ్చి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. ఒకసారి యూదు పంతులు ఒకాయన బడి పిల్లలను తెచ్చాడు. కాలిన గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఖద్రా తట్ట దించి ఆయన్నే చూసింది. "ఆయన వాళ్ళు పోయి ఎన్ని వేలేళ్ళయిందో, ఇంకా ఏడుస్తున్నాడు. ఎవరూ వద్దనడం లేదు" అంది నాతో. "నన్ను మాత్రం మూడేళ్ళకే మర్చిపోమంటున్నారు."

తవ్వకం లోతుకు పోయిన కొద్దీ మూడు సమాధుల కింద మట్టి ఒక దిమ్మెలాగా మిగిలింది. మొదట మోకాలెత్తు. తర్వాత మనిషెత్తు. ఆ చలికాలం వచ్చేసరికి ఇద్దరు మనుషులెత్తు అయింది. నిచ్చెన వేసుకుంటే గానీ పైకి ఎక్కలేం. "ఉమ్ దాహిర్ మేడ" అని ఆడవాళ్ళు పేరు పెట్టారు. ఆవిడ కూడా నవ్వేది. బద్రాన్ మాత్రం నవ్వేవాడు కాదు. కింద రాళ్ళు పేర్పించి, కర్రలు ఊతంగా పెట్టించాడు. "తల్లీ, మట్టికి మాట ఇవ్వడం తెలీదు. దించేద్దాం" అని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ వినలేదు.

వినని మనిషి మనసు మార్చింది ఒక కూజా.

యూదా రాజుల ఊరి కింద ఇంకో ఊరు ఉంది, కనానీయులదని దొర చెప్పాడు. దిమ్మెకు ఆనుకునే ఆ ఊరి ఇల్లొకటి బయటపడింది. గది నేల కింద, గోడ మూలన, పొట్ట లావుగా ఉన్న కూజా ఒకటి పాతిపెట్టి ఉంది. ఖద్రా తట్ట కోసం వంగి అక్కడే ఉంది. దొర స్వయంగా కుంచెతో మట్టి తుడిచాడు. కూజా లోపల పసిబిడ్డ, కాళ్ళు ముడుచుకుని, కడుపులో ఉన్నట్టే. మొహం దగ్గర బొటనవేలంత చిన్న ముంత ఒకటి పెట్టి ఉంది.

"ఆ ముంత ఎందుకు మేస్త్రీ?" అంది ఖద్రా.

"పాలకో, నీళ్ళకో. వాళ్ళు అంతే తల్లీ, చంటిపిల్లలు పోతే ఇంట్లోనే, నేల కింద పెట్టుకునేవాళ్ళు. ప్రతి తవ్వకంలో కనబడతారు."

"దూరంగా పంపడం ఇష్టం లేకన్నమాట."

 దొరకు మాత్రం ఆనందం పట్టలేదు. ఫొటో తీయించాడు, కొలతలు వేశాడు, ఏదో పాట కూనిరాగం తీస్తూ ఒక్కొక్క ఎముకనూ దూది పరిచిన పెట్టెలో సర్దాడు. పెట్టె మీద అంకె రాశాడు.

"ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్తారు?" అంది ఖద్రా.

"జెరూసలేం. అక్కణ్ణుంచి ఓడ మీద దొర దేశానికి" అన్నాడు బద్రాన్.

ఆవిడ మళ్ళీ తట్ట ఎత్తుకుంది. ఆ రోజు మిగిలిన తట్టలు మోసింది గానీ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. సాయంత్రం పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ, ముసల్లం వాకిట్లోకి రాగానే, "ఏమయ్యా, పిల్లల్ని దించుకుందాం. రేపే. నువ్వు, నీ తమ్ముడు నిచ్చెన వేసి దించండి. మామయ్య పక్కన పెడదాం" అంది.

ముసల్లం కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు పక్కన పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను, ఆయన మొహం చూశాను.

"అప్పుడు ఊరందరి ముందు నన్ను మొగాడిలా లెక్కపెట్టావా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ తలపాగా నీదా నీ పెళ్ళానిదా అని అడిగించుకున్నాను. ఇప్పుడు నీకు బుద్ధి పుట్టింది కాబట్టి నేను రేపే పోయి అబూ షాహీన్ కాళ్ళు పట్టుకోవాలా? దొరకు నేనేం చెప్పాలి? మా ఆవిడ మనసు మారిందండీ అనా?"

"ఏదో ఒకటి చెప్పు. నా తప్పే అని చెప్పు."

"ఉండనీ. పండగ అయ్యాక చూద్దాం."

"వాళ్ళని పెట్టెలో పెడతారయ్యా."

"ఎవరూ పెట్టరు. పండగ అయ్యాక అన్నానా."

ఆవిడ ఆ రాత్రి నుంచి రోజూ అడిగింది. ఆయన రోజూ పండగ తర్వాత అన్నాడు. అంత నెమ్మది మనిషికి అంత మొండితనం ఎక్కడ దాగిందో. నా భర్త కూడా చెప్పి చూశాడు. "నువ్వు మాట్లాడకురా" అన్నాడు అన్న. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఆవిడను ఏడిపించాలనుకున్నాడని అనుకోను. ఒక్కసారి తన మాట నెగ్గాలనుకున్నాడు, అంతే.

పండగకు ముందే వాన వచ్చింది.

రెండేళ్ళ తర్వాత వాన. మధ్యాహ్నం పడమర నుంచి మబ్బు లేచి, దిబ్బ మీద పనిచేస్తున్న వాళ్ళ మీద మొదటి చినుకులు పడ్డాయి. మగవాళ్ళు పలుగులు పారేసి ఎగిరారు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ సంతోషపు కేకలు వేసి పాటలెత్తుకున్నారు. బద్రాన్ అందరినీ కిందికి దించేశాడు. మేం తట్టలు నెత్తిన బోర్లించుకుని, జారుతూ, నవ్వుతూ ఊళ్ళోకి పరిగెత్తాం. వాకిట్లో కుండలూ గిన్నెలూ అన్నీ బయట పెట్టాం. ఆ సంతోషంలో ఖద్రా వెనక్కి పోయిందని ఎవరం గమనించలేదు. ఆవిడ కేక వినపడ్డాకే పరిగెత్తాం.

దిమ్మె సగానికి కూలిపోయింది. కర్రలు పుల్లల్లా విరిగి ఉన్నాయి. మట్టంతా జారి కనానీయుల గదిలో పడింది. ఆ వారమే ఆ గది నేల కింద మరో మూడు కూజాలు కనబడ్డాయి. ఇంకా బయటికి తీయలేదు. మీద పడ్డ బరువుకు అవి పగిలిపోయాయి. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. ఖద్రా ఆ బురదలో మోకాళ్ళ మీద ఉంది, రెండు చేతులతో మట్టి తోడుతోంది.

దాహిర్ దొరికాడు. పాతిపెట్టినప్పుడు చుట్టిన కఫన్ గుడ్డ ఇంకా కొంత మిగిలి ఉంది. హిల్వా దొరికింది. ఎముకలు కాస్త పెద్దవి కాబట్టి ఇద్దరి విషయంలో అనుమానం లేదు. జాబిర్ దొరకలేదు. దొరకలేదంటే, దొరికాడు, కానీ ఎవరు జాబిరో తెలియలేదు. పిట్ట ఎముకల్లాంటి ఎముకలు బురదలో అన్ని చోట్లా ఉన్నాయి. కూజా పెంకుల్లో కొన్ని, రాళ్ళ సందుల్లో కొన్ని. నలుగురు చంటిపిల్లలు ఒకరిలో ఒకరు కలిసిపోయారు. ఆవిడ తలగుడ్డ తీసి పరిచి, కనబడినదల్లా అందులో వేసుకుంది. ముసల్లం వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు తోసేసింది.

దొర తడుస్తూ వచ్చాడు. చూడగానే టోపీ తీసేశాడు.  బద్రాన్‌తో తన భాషలో ఏదో చెప్పాడు.

"తల్లీ" అన్నాడు బద్రాన్, "దొర చాలా బాధపడుతున్నాడు. నీ బిడ్డని నువ్వు తీసుకెళ్ళు అంటున్నాడు. కానీ ఆ కూజాల్లో వాళ్ళు తవ్వకానికి చెందినవాళ్ళు, సర్కారు లెక్కలో ఉన్నారు. వాళ్ళని ఇక్కడ ఉంచమంటున్నాడు."

ఆవిడ తలగుడ్డ మూటను ముందుకు జరిపింది. "తీసుకోమను. నా వాడేదో ఏరి నాకివ్వమను."

"జెరూసలేంలో ఎముకల డాక్టరు ఉన్నాడట. ఆయన చూస్తే తెలుస్తుందట. కొత్తవేవో, పాతవేవో."

"కొత్తవి!" అంది ఖద్రా. 

మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం అవుతోంది. అబూ షాహీన్ వచ్చాడు, వెనకే పది మంది వచ్చారు. మొదట బుజ్జగించారు. "సర్కారు సొత్తు ఎత్తుకుపోయారని పోలీసులు వస్తే తవ్వకం ఆగిపోతుంది ఉమ్ దాహిర్. విత్తనాలకి గింజ లేదు. నీ ఒక్కదాని కోసం ఊరందరి నోట్లో మట్టి కొడతావా?" తర్వాత గొంతులు పెరిగాయి. మొన్నటిదాకా ఆవిడతో కలిసి తట్టలు మోసిన ఆడవాళ్ళే, "మొదటే అందరితో పాటు దించుకుని ఉంటే ఈ గతి పట్టేదా" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. 

ముసల్లం ఒక్కడే లేచి, "ఆ మూట జోలికి ఎవడూ రావద్దు" అన్నాడు. జీవితంలో ఆయన గట్టిగా అరవడం అదొక్కసారే. కానీ అప్పటికే ఖద్రా మూట బద్రాన్ చేతికి ఇచ్చేసింది. "కలిపి పెట్టు మేస్త్రీ. కింద పారెయ్యకు" అంది.

దాహిర్‌ను, హిల్వాను మరునాడు కంచె పక్కన పెట్టాం. వాళ్ళ పక్కన చిన్న గొయ్యి తీసి ఖాళీగా వదిలారు. దాని మీద పలక కప్పారు.

ఆ రోజు నుంచి ఖద్రా భర్తతో మాట్లాడలేదు. ఆయనకు రొట్టె పెట్టేది, బట్టలు ఉతికేది. మాట మాత్రం నా ద్వారా చెప్పించేది. ఆయన ఎదురుగానే ఉన్నా, "మీ బావగారికి చెప్పవే, నూనె అయిపోయిందని" అనేది. నేను చెప్పనక్కర్లేకుండా ఆయన లేచి వెళ్ళి తెచ్చేవాడు. వాళ్ళకు మళ్ళీ పిల్లలు కలగలేదు.

పనికి మాత్రం వచ్చింది. నేను ఆశ్చర్యపోయాను. "ఇంట్లో కూర్చుంటే గొయ్యి కనపడుతుందే, ఇక్కడైతే తట్ట కనపడుతుంది" అంది.

గోధుమ కోతల కాలంలో బద్రాన్ జెరూసలేం నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. డాక్టరు చూసి వేరు చేశాడని, ఇది మీ వాడేనని చెప్పాడు. ఖద్రా మూత తెరిచింది. శుభ్రంగా కడిగి, దూదిలో సర్ది ఉన్నాయి. ఆ శుభ్రమే ఆవిడకు నచ్చలేదనుకుంటాను. ఒక చిన్న ఎముక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

నేను బద్రాన్‌ను గుమ్మం దాకా సాగనంపుతూ మెల్లిగా అడిగాను. "నిజంగా వాడేనా మేస్త్రీ?"

"డాక్టరు అలా చెప్పాడమ్మా. నేను డాక్టర్ని కాను." చెప్పులు వేసుకుంటూ, "మీ అక్క అడిగితే అవునని చెప్పు" అన్నాడు.

ఆవిడ అడగలేదు. పెట్టె మూసి, "వీడు నా వాడో కాదో నాకు తెలియదు" అంది. "ఎవరి వాడైనా నేల కింద నుంచి తీసేశారు. పెట్టేద్దాం పద." ఖాళీ గోతిలో పెట్టాం. ఆవిడ శుక్రవారాల్లో ఆ మూడింటి దగ్గరికీ వెళ్ళేది. మొదటి రెండింటి దగ్గర పేరు పెట్టి మాట్లాడేది. మూడోదాని దగ్గర కూర్చునేది గానీ పేరు పెట్టి పిలవడం నేను వినలేదు.

సర్కారు మీద జనం తిరగబడ్డ గొడవల ఏళ్ళు వచ్చాయి. రోడ్ల మీద కాల్పులు మొదలయ్యాక దొర పని ఆపేసి వెళ్ళిపోయాడు, బద్రాన్ తన ఊరికి వెళ్ళిపోయాడు. దిబ్బ మీద తవ్విన గోతుల్లో ముళ్ళ చెట్లు మొలిచాయి. ఆ ఖాళీలో మా మేకలు మేసేవి. నా పిల్లలు ఖద్రా ఒళ్ళోనే పెరిగారు. ఆవిడ నోరు మెల్లిగా మళ్ళీ తెరుచుకుంది, కానీ పాత పదును ఒక్కటే వచ్చింది, పాత నవ్వు రాలేదు.

అలా చాలా ఏళ్ళు గడిచాక యూదుల సైన్యానికీ మా వాళ్ళకీ యుద్ధం వచ్చింది. అంజూరాలు ఎండబెట్టుకునే రోజులు అవి. పడమటి ఊళ్ళ నుంచి జనం మా ఊరి మీదుగా కొండల వైపు నడిచిపోవడం చూశాం. ఒకనాటి పొద్దున ఫిరంగి గుండ్లు మా గానుగ పక్కనే పడ్డాయి. దొరికింది మూటగట్టుకుని బయలుదేరాం. వాగు దాటాక చూస్తే ఖద్రా లేదు. ముసల్లం వెనక్కి పరిగెత్తబోయాడు. నా భర్త ఆయన్ను పట్టుకుని ఆపాడు.

ఎండ బాగా ఎక్కాక ఆవిడ మమ్మల్ని కలుసుకుంది. చేతులు రక్తంగా ఉన్నాయి, గోళ్ళ నిండా మట్టి.

"ఎక్కడికి పోయావక్కా? ఏం చేశావు?"

"కంచె దగ్గరికి. రాళ్ళు పీకేశాను. మూడూ చదును చేసి పైన ఎండుగడ్డి చల్లాను." రొప్పుతూ కూర్చుంది. "అక్కడ ఏదో ఉందని తెలిస్తే ఎవడో ఒకడు వస్తాడు."

ముసల్లం తన దగ్గరున్న నీళ్ళ తిత్తి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తాగింది. మూతి తుడుచుకుని, ఎప్పట్లా నాతో కాకుండా ఆయనతోనే, "నీ తండ్రి సమాధి రాళ్ళు కూడా తీసేశాను" అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన తల ఊపాడు.

ఖలీల్‌కు అవతల కొండవాలు మీద గుడారాలు ఇచ్చారు. రెండో చలికాలం మోకాలి లోతు మంచు పడింది. గుడారం గుడ్డ బరువుకు వంగి మొహాలకు తగిలేది. ఖద్రా తన దుప్పటి నా చిన్నదానికి కప్పేది. వద్దంటే, "నాకు కొవ్వుంది, నీ మేకపిల్లలకి లేదు" అనేది. అప్పటికి ఆవిడ ఒంటి మీద ఎముకలే ఉన్నాయి. దగ్గు పట్టుకుంది. డాక్టరు గుడారం ముందు వరసలో నిలబడి ఎవరితోనో పోట్లాడి వచ్చింది, చోటు వదలమన్నారని. తిరిగి వచ్చి పడుకుంది. మరి లేవలేదు.

రాళ్ళ నేల. గడ్డపార దిగక గొయ్యి తీయడానికి సగం పూట పట్టింది. పాతిపెట్టేటప్పుడు చనిపోయిన వాళ్ళను తల్లి పేరుతో పిలిచి చివరి మాటలు చెబుతారు మాలో. గొయ్యి దగ్గర ఇమాం మా వైపు తిరిగి, "ఈవిడ తల్లి పేరేమిటి?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. తల్లి చిన్నప్పుడే పోయింది. పుట్టింటివాళ్ళు ఆ యుద్ధంలో ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఆవిడతో అన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఉండి నేనూ ఎప్పుడూ అడగలేదు.

వెనక మంచులో నిలబడ్డ ముసల్లం ముందుకు వచ్చాడు.

"నౌఫా" అన్నాడు. "నౌఫా కూతురు ఖద్రా."

ఇమాం ఆ పేరుతో పిలిచి చెప్పవలసినవన్నీ చెప్పాడు. మళ్ళీ మంచు మొదలైంది. జనం తొందరగా గుడారాల వైపు దిగిపోయారు. నా భర్త, ముసల్లం పార పట్టుకుని మట్టి కప్పడం మొదలుపెట్టారు.